అధికారం లేనిచోట మౌనం ధర్మమా?

నేలమీద కూర్చున్న కంట్రోలర్ ఏమి చెప్పినా గాలిలోని పైలట్ ఎక్కడైనా సరే శిరసావహించవలసిందే అనేవారు ఒక పక్షం. నియంత్రణ లేని గగనతలంలో ఎవరి మాటా మాకు పట్టదు అనేవారు రెండవ పక్షం. ఈ వివాదంలో ఇరుపక్షాల వారూ అర్ధసత్యాన్నే పట్టుకొని ఊగుతున్నారని నా అభియోగం.

మొదటి పక్షానికి నా సమాధానం ఇది. పాణినీయంలో అధికారసూత్రమని ఒకటుంది. ఒకచోట చెప్పిన మాట తరువాతి సూత్రాలన్నిటికీ వర్తిస్తుంది. కాని దానికొక అవధి ఉంటుంది. అవధి దాటించి అన్వయిస్తే శాస్త్రమే తలక్రిందులవుతుంది. అమెరికా విమానయాన నిబంధన 91.123 కూడా అటువంటిదే. అత్యవసర స్థితిలో తప్ప కంట్రోలర్ ఆదేశాన్ని మీరరాదని అంటూనే, ఆ నియంత్రణ అమలులో ఉన్న ప్రాంతంలో అని హద్దు గీసింది. క్లాస్ జి అనే గగనతలం ఆ హద్దుకు ఆవల ఉన్నది. టవర్ పనిచేసే విమానాశ్రయ పరిసరాల వంటి మినహాయింపులను పక్కనపెడితే, అక్కడ కంట్రోలర్‌కు విమానాలను నడిపించే అధికారమూ లేదు, బాధ్యతా లేదు. ఇది న్యాయమే. కొండల నడుమ తక్కువ ఎత్తున ఎగిరే విమానం ఆయన రాడార్‌కు కనబడకపోవచ్చు. కనబడనిదానిని శాసించడం కన్న ప్రమాదం వేరే ఏముంది?

ఇక రెండవ పక్షం. అధికారం లేదు గనుక మాటకే విలువ లేదనడం ఎంత ఘోరమో 1956 జూన్ 30 చెప్పింది. లాస్ ఏంజెలెస్ నుండి బయలుదేరిన టీడబ్ల్యూఏ, యునైటెడ్ విమానాలు రెండూ 21,000 అడుగుల ఎత్తున, 10 గంటల 31 నిమిషాలకే పెయింటెడ్ డెజర్ట్ రేఖను దాటుతామని తెలిపాయి. ఆ రెండు కబుర్లూ సాల్ట్ లేక్ సిటీ కంట్రోలర్‌కు ముందే అందాయి. అది నియంత్రణ లేని గగనతలం; హెచ్చరించే విధి ఆయనకు లేదు; హెచ్చరించలేదు. గ్రాండ్ కాన్యన్‌పై రెండూ ఢీకొని 128 మంది మరణించారు. ఆయన నియమం తప్పలేదు. నియమమే ధర్మం తప్పింది.

అధికారానికి గీసిన గీతనే మానవధర్మానికీ గీయడమే అక్కడి దోషం. ఆజ్ఞాపించడం వేరు, ఎరిగింది చెప్పడం వేరు. నేటి కంట్రోలర్ల నియమావళి ఈ భేదాన్ని గుర్తించింది. విమానం నేలకో, అడ్డంకికో, మరొక విమానానికో ప్రమాదకరంగా దగ్గరైందని తెలిస్తే హెచ్చరించడాన్ని ప్రథమ కర్తవ్యాలలో చేర్చింది. ఆ హెచ్చరిక విన్న పైలట్ ఏమి చేయాలి? విమాన నిర్వహణలో తుది అధికారం ఆయనదేనని నిబంధన 91.3 చెబుతున్నది. ఆ వాక్యంలోనే ప్రత్యక్ష బాధ్యత కూడా ఆయనదేనని ఉన్నది. రెండవ సగం చదివి గర్వించేవారు మొదటి సగం చదవరు!

క్లాస్ జిలో చాలాచోట్ల రేడియో తప్పనిసరి కాదు. నిజమే. కాని ఉన్న రేడియోను మూసిపెట్టుకొని దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం మూర్ఖత. ఎదుటి విమానంలోనివారు ఈయన స్వేచ్ఛకు సమ్మతించి టిక్కెట్టు కొనలేదు.

కాబట్టి కంట్రోలర్లకు మరింత అధికారం కట్టబెట్టమని నేను కోరను. తెలిసినవాడు చెప్పాలి, వినగలిగినవాడు వినాలి, నిర్ణయించినవాడు ఫలితానికి తలవంచాలి. ఈ మూడింటికీ గగనతలంలో ఏ సరిహద్దూ లేదు. కాదనేవారు కారణం చూపుదురు గాక.