ఆ బాణం గుర్తు ఎవరు గీస్తారు?

తమ్ముడూ, చెల్లెమ్మా,

ఆదివారం తెల్లారగానే పదిమంది గుంపుగా చేరి, హెల్మెట్లు పెట్టుకుని, లావు టైర్ల సైకిళ్లతో కొండదారులు తొక్కే సరదా ఒకటుంది. మౌంటెన్ బైకింగ్ అంటారు. దారి పొడవునా గుర్తులుంటాయి. అమెరికా పద్ధతిలో అయితే పచ్చ గుండ్రం తేలిక, నీలం చదరం ఓ మాదిరి, నల్ల డైమండ్ కష్టం. ఆ గుర్తుల వెంట పోతే కొత్తవాడు కూడా తప్పిపోడు. చూడ్డానికి బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

నల్లమలలో కూడా ఇలాంటివి వేస్తే బాగుంటుంది కదా అనే మిత్రులు మనకున్నారు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో తుమ్మలబైలు దగ్గర జీపు సఫారీ ఉండనే ఉంది, జీపు పొగకన్నా సైకిల్ నయం కదా అంటారు. నయమే. సైకిల్ మీద నాకేం కోపం లేదు. నా పేచీ అంతా ఆ గుర్తుతోనే.

మార్కాపురం, గిద్దలూరు వైపు అడవిలో ఉత్తగా పడున్న బాట ఎక్కడుంది చెప్పండి? తేనెకు పోయే బాట, జిగురుకు పోయే బాట, చెలమకు పోయే బాట, మన పెద్దోళ్లను పూడ్చిపెట్టిన చోటికి పోయే బాట. తెలిసినోడికి చెట్టే గుర్తు, రాయే గుర్తు. తెలియనోడికి అక్కడ బాటే కనపడదు. అదే దానికి కాపలా. ఒక్కడు స్ట్రావా లాంటి యాప్ ఆన్ చేసి తొక్కితే చాలు, ఆ బాట లోకమంతటికీ తెలుస్తుంది. ఆ యాప్ మ్యాపులో సైనికుల పరుగు దారులు వెలిగి, వాళ్ల స్థావరాలు బయటపడ్డాయని 2018లో గోల అయింది. సైన్యమే దాచుకోలేకపోయింది, మన తేనెకొండ ఎంత?

1983లో ఇది పులుల అభయారణ్యం అయింది. అప్పట్నుంచీ టికెట్ కొన్నవాడు అతిథి, గంప పట్టినవాడు అనుమానితుడు. మీకు కొత్తగా చెప్పాలా?

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పశ్చిమ ప్రకాశంలో మన గూడేలు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. పీసా చట్టం మనకు వర్తించదు. చేతిలో గట్టిగా ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టమే. అందులో సెక్షన్ 3(1)(ఇ) చెంచుల లాంటి ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మీద సామూహిక హక్కు ఇస్తుంది. గూడెం, పొలమే కాదు, తిరిగే అడవి కూడా అందులోకి వస్తుంది. అడవినీ, మన సంస్కృతినీ దెబ్బతీసే పనులు ఆపే అధికారం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. ఈ ఆవాస హక్కు గుర్తింపు చూసుకోవాల్సింది జిల్లా స్థాయి కమిటీ అని 2012 నిబంధనల సవరణ చెప్తోంది. మధ్యప్రదేశ్‌లో బైగాలు సాధించుకున్నారు కూడా.

న్యూజిలాండ్‌లో రొటోరువా పక్కన అడవికి సైకిల్ తొక్కడానికి ప్రపంచమంతా వస్తారు. ఆ భూమికి యజమానులు మావోరీ తెగలు. 2008 చట్టంతో వాళ్ల భూమి వాళ్లకు తిరిగొచ్చింది. యజమాని ఎవరో తేలిన చోట ఏ బాట తెరవాలి, ఏది మూయాలి అని కూర్చుని మాట్లాడుకోవచ్చు. మన దగ్గర ఆ యజమాని పేరు కాగితం మీదకే రాలేదు. ముందు అది తేలనీండి, సైకిళ్ల మాట తర్వాత.

కాబట్టి సైకిల్ మిత్రులారా, అనుమతి కోసం అటవీ ఆఫీసుకు పోయేముందు గూడెం గ్రామసభకు రండి. వద్దంటే వెనక్కి పోవాలి, ముందే చెప్తున్నా.

తమ్ముళ్లూ, మీ గూడెం ఆవాస హక్కుకు దరఖాస్తు పెట్టిందో లేదో ఈ వారమే అడగండి. పెట్టకపోతే పెద్దాయన్ని ఎవరినైనా వెంటబెట్టుకుని బాటలన్నీ తిరగండి. ఏ బాట దేనికో, దాని పేరేంటో నోటుబుక్కులో రాసుకోండి. పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే చట్టం దాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది. ఫోను మాత్రం ఇంట్లో పెట్టి పోండి.