రాయి రాయికీ ఒక వీరుడు

పల్నాడు జిల్లా కారంపూడిలో, నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఇక్కడ పూజ 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నేలకొరిగినవారికే. ఈ గుడికి వెళితే చెక్కడాలకన్నా ముందు లింగాల్లా నిలిపిన రాళ్లను చూడాలి. ఒక్కో రాయి ఒక్కో వీరుడికి గుర్తు.

బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకులా చేరదీసి సేనానిని చేశాడనీ, అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ ఇక్కడివారు చెప్పుకుంటారు. అదే చాపకూడు. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే ఐదు రోజుల వీరారాధన ఉత్సవాల్లో, మందపోరు నాడు ఆ పంక్తి మళ్లీ లేస్తుంది.

రాళ్లకు దండం పెట్టడం తేలికే. ఒక్కరోజు పరిచిన చాపను మిగతా 364 రోజులూ చుట్టి అటకెక్కించకుండా ఉండటమే కష్టం!