ఆయా పనికి పై మెట్టు ఏది?

మన హొసకోటె నుంచి ఎంతమంది ఆడపిల్లలు తెల్లారకముందే బస్సెక్కి వైట్‌ఫీల్డ్ వైపు ముసలివాళ్లను చూసుకునే పనికి పోతున్నారో మనకు తెలిసిందే. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, బీపీ చూడడం అన్నీ వాళ్లే. పని ఉన్నప్పుడు నర్సమ్మ, జీతమిచ్చేటప్పుడు ఆయా.

వాళ్ల చేతిలో ఉండేది జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే కొన్ని నెలల కోర్సు సర్టిఫికెట్. అది చెడ్డదని మేము అనం. కానీ దాంతో నర్సుగా రిజిస్టర్ కాలేరు. పదేళ్లు పని చేసినా రెండేళ్ల ఏఎన్ఎం, మూడేళ్ల జీఎన్ఎం మొదటి రోజు నుంచే చదవాలి.

మేము పనిచేసిన రైల్వేలో ఖలాసీ కూడా డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాసి క్లర్కు కావచ్చు. (అరవంలో చదివిన మాకూ అక్కడ భాష అడ్డం కాలేదు.) ఆసుపత్రి పనికి ఆ దారి ఎందుకు లేదు? అమెరికాలో 1987 చట్టం నర్సింగ్ హోముల సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ, పరీక్ష, రాష్ట్ర రిజిస్టరు పెట్టింది. మనకూ 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది, రాష్ట్రాల్లోనూ కమిషన్లు ఉండాలంది. కర్ణాటకలో ఈ పిల్లల సర్వీసును లెక్కలోకి తీసుకుని, నర్సింగ్ స్కూళ్లలో కొన్ని సీట్లు, వయసులో సడలింపు ఇవ్వాలి. సంఘం తరఫున ఎమ్మెల్యేగారికి అర్జీ ఇద్దాం.

అంతవరకు, నర్సింగ్ అని పేరు పెట్టిన ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు ఒక్క మాట అడగండి: "ఇది చదివితే స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కుతుందా?" నసిగితే లేచి వచ్చేయండి.