పొక్కును చూసి తీర్పు తీర్చవద్దు



ఎవరూ పైకి అడగలేని సంగతి ఒకటి ఈ నెల రాయక తప్పడం లేదు. పెండ్లయి ఏడాది నిండని ఒక యౌవన సహోదరుడు ఒక రాత్రి మా ఇంటికి వచ్చి, తల వంచుకొని చాలాసేపు కూర్చున్నాడు. మర్మాంగం మీద చిన్న చిన్న పొక్కులు కనబడ్డాయట. ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన సరిగా చూడకుండానే సుఖవ్యాధి పులిపిర్లు అని చెప్పాడట. "నేను ఏ తప్పూ చేయలేదు అయ్యగారూ, మరి ఆమె..." అని ఆగిపోయాడు. అప్పటికే భార్యను పుట్టింటికి పంపేశాడు.

మర్నాడు మేము అతణ్ణి పట్నంలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాము. ఆయన పరీక్షించి, "ఇది జబ్బే కాదు, మందు అక్కరలేదు" అన్నారు.

పురుషాంగం శిరస్సు అంచు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల బుడిపెలు ముత్యాల వరుసలాగా చాలామంది మగవారికి యుక్తవయసులో వస్తాయి. స్త్రీలకు కూడా లోపలి పెదవుల దగ్గర మెత్తని బుడిపెలు ఉండవచ్చు. అవి దేనికదే విడిగా మొలిచి ఉంటాయి. పసుపుపచ్చని సన్నని చుక్కలైతే, అవి చర్మంలోని నూనె గ్రంథులే. ఇవేవీ ఒకరినుండి ఒకరికి అంటవు.

అసలైన సుఖవ్యాధి పులిపిర్లు హెచ్.పి.వి. అనే వైరస్ వలన వస్తాయి. వాటికి వరుస ఉండదు. తరచుగా గరుకుగా, కాలీఫ్లవర్ పువ్వులాగా గుంపుగా పెరుగుతాయి. అయితే ఆ వైరస్ సోకిన నెలలకు, ఒక్కొక్కసారి సంవత్సరాలకు కూడా అవి బయటపడవచ్చు. కనుక అవే అయినా, ఎవరినుండి ఎప్పుడు వచ్చాయో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

సున్నము, సోడా పెట్టి కాల్చడం, వెంట్రుకతో బిగించి కట్టడం చేయవద్దు. పుండై కార్చేది చిన్న పొక్కే. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగంలో చూపించండి. రక్తం కారినా, పుండు పడినా, త్వరగా పెరుగుతున్నా అసలు ఆలస్యం చేయవద్దు.

ఆ సహోదరుడు భార్యను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు మేమూ వెంట ఉన్నాము. ఆమె ఒక్క మాటే అడిగింది: "డాక్టరుకు చూపించుకున్నాక నన్ను పంపితే ఏమయ్యేది?" అతని దగ్గర జవాబు లేదు. ఆమె తిరిగి వచ్చింది. పొక్కులకు మందు అవసరం లేకపోయింది గాని, ఆ అనుమానం చేసిన గాయం మానడానికి చాలా నెలలు పట్టింది.