ఎండ వేళ... మంచాట!

ఏప్రిల్ నాలుగో వారం. హైదరాబాద్‌లో రోడ్లు సెగలు కక్కుతుంటాయి. పిల్లల పరీక్షలు అయిపోయి బడులకు తాళాలు పడే రోజులు. సరిగ్గా అదే సమయంలో ఆల్ప్స్ కొండల మీద జనం నల్లకళ్లద్దాలు పెట్టుకుని, జాకెట్ జిప్పు సగం దించుకుని మంచులో రయ్యిమని జారుతుంటారు. నెత్తిన ఎండ, కాళ్ల కింద మంచు! ఈసారి వేసవి సెలవులకు మనమూ వెళ్తే ఎలా ఉంటుందన్న ఊహ చాలా ఇళ్లలో మొదలయ్యేది ఇక్కడే.

ఊహ బాగానే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే. డిసెంబరులో వెళ్లేవాళ్లకు ఊరు ఏదైనా మంచు దొరికే అవకాశం ఎక్కువ. ఏప్రిల్‌లో అలా కాదు. ఫొటోల్లో తెల్లగా మెరిసిపోయిన ఊరు, వెళ్లి చూసేసరికి పచ్చగడ్డితో పలకరించొచ్చు. లక్షలు పోసి వెళ్లింది గడ్డి చూడ్డానికా? అందుకే వసంతంలో స్కీయింగ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ఊరి పేరు కన్నా ముందు రెండు సంగతులు చూడాలి. ఒకటి ఎత్తు, రెండోది గడియారం.

ముందు ఎత్తు చూడండి

స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ సంగతే తీసుకోండి. ఊరు 1,620 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని పక్కనే 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం. కేబుల్ కారులో 3,883 మీటర్ల దాకా వెళ్లొచ్చు. యూరప్‌లో అంతకన్నా ఎత్తయిన కేబుల్ కారు స్టేషన్ లేదు. అక్కడ హిమానీనదం ఉంది కాబట్టి ఏప్రిల్‌లో ఏం ఖర్మ, వేసవిలోనూ స్కీయింగ్ చేస్తారు. ఆహా అనిపిస్తుంది కదూ!

కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇక్కడే ఓ తిరకాసు. కొత్తవాళ్లు నేర్చుకునే మెత్తటి వాలులు చాలా ఊళ్లలో కిందివైపే ఉంటాయి. ఎండలు ముదరగానే ముందు కరిగేవీ అవే. జెర్మాట్‌లో చిన్నపిల్లలు నేర్చుకునే సున్నెగ్గా 2,288 మీటర్ల ఎత్తులో, ఎండ బాగా తగిలేచోట ఉంది. ఏప్రిల్ ఆఖరుకి పైన మంచు నిక్షేపంగా ఉన్నా నేర్చుకునేచోట లేకపోతే కొత్తవాళ్లకు ఒరిగేదేంటి? అందుకే గది బుక్ చేసేముందు అడగాల్సింది ‘మీ దగ్గర మంచు ఉందా’ అని కాదు, ‘మేం వచ్చే వారంలో కొత్తవాళ్ల వాలు తెరిచి ఉంటుందా’ అని.

ఆ లెక్కన ఏప్రిల్ సెలవుల్లో తప్ప కుదరని కుటుంబాలకు ఫ్రాన్స్‌లోని వాల్ తొరాన్స్ నయం. అక్కడ ఊరే 2,300 మీటర్ల ఎత్తున ఉంది. యూరప్‌లోకెల్లా ఎత్తయిన స్కీ ఊరు అదే. నేర్చుకునే వాలులు ఇంటి గుమ్మం ముందే ఉంటాయి. మామూలుగా మే మొదటి వారం దాకా నడుస్తుంది. పక్క లోయలతో కలిపి దాదాపు 600 కిలోమీటర్ల జారుడు దారులున్న ‘త్రీ వ్యాలీస్’లో ఇదో భాగం. కాకపోతే పక్క ఊళ్లు ఇంకా కిందున్నాయి కాబట్టి వాటిని ముందే మూసేస్తారు. టికెట్ కొనేటప్పుడు ఏయే లిఫ్టులు ఏ తేదీ దాకా తిరుగుతాయో చూసుకోవాలి. జెనీవాలోనో లియాన్‌లోనో విమానం దిగి, మూటియే దాకా రైల్లో, అక్కణ్నుంచి బస్సులో కొండెక్కాలి.

మంచుకో టైమ్‌టేబుల్

వసంతంలో మంచు రోజుకు నాలుగు వేషాలు వేస్తుంది. పగటి ఎండకు పైపొర కరుగుతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మళ్లీ గడ్డకడుతుంది. ఇలా కరుగుతూ గడ్డకడుతూ రేకుల్లాంటి మంచు కాస్తా రాళ్ల ఉప్పులా గుండ్రటి పలుకులవుతుంది. పొద్దున ఎనిమిదింటికి అది గాజుపలక. కాలు పెడితే జర్రున జారిపోవడమే. పదింటికల్లా పైన ఒకట్రెండు అంగుళాలు మెత్తబడుతుంది. స్కీయింగ్ తెలిసినవాళ్లు పడిచచ్చే సమయం అదే. స్కీలు వెన్నలోకి దిగినట్టు దిగుతాయి. పడినా దెబ్బ తక్కువ. మధ్యాహ్నం దాటాక అది గంజిలా అయిపోతుంది. స్కీలు అందులో కూరుకుపోయి మోకాళ్లు మెలితిరిగే ప్రమాదం ఎక్కువ.

అందుకే పాతకాపులు సూర్యుణ్ని వెంబడిస్తారు. ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, ఆపైన పడమర. ఉత్తరం వైపు వాలుల్లో మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. మీరు మాత్రం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకల్లా ముగించుకుంటే చాలు. శిక్షణ తరగతి కూడా పొద్దుటిపూటదే తీసుకోండి.

ఇంకో ముఖ్య విషయం. ఎండకు నానిన మంచు మధ్యాహ్నం వేళ గంపగుత్తగా కొండ మీంచి జారిపడుతుంది. దాన్నే హిమపాతం అంటారు. ఆ ప్రమాదాన్ని యూరప్‌లో 1 నుంచి 5 దాకా అంకెల్లో చెబుతారు. అయిదంటే అత్యంత ప్రమాదం. స్విట్జర్లాండ్‌లో దావోస్‌లోని మంచు పరిశోధన సంస్థ చలికాలంలో రోజూ సాయంత్రం అయిదింటికి, పొద్దున ఎనిమిదింటికి ఈ సమాచారం ఇస్తుంది. గుర్తులు పాతిన దారి దాటి పక్కకు వెళ్లకపోవడమే కొత్తవాళ్లకు అన్నిటికన్నా పెద్ద రక్ష. ‘అటువైపు ఎవరో వెళ్లారు కదా’ అని వాళ్ల జాడ పట్టుకుని వెళ్లారో... అంతే సంగతులు!

తేదీలతో పేచీ

ఈస్టర్ పండగ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2027లో మార్చి 28న వస్తోంది. ఆ వారం ముందూ వెనకా ఆల్ప్స్ ఊళ్లన్నీ కిటకిటలాడతాయి, గదుల అద్దెలు చుక్కలు చూపిస్తాయి. ఫ్రాన్స్‌లో వసంత సెలవులు మూడు జోన్లకు వేర్వేరు తేదీల్లో ఉంటాయి. అవీ చూసుకోండి. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లను శనివారం నుంచి శనివారం లెక్కనే అద్దెకిస్తారు. విమానం టికెట్ మంగళవారానికి కొనేసి తర్వాత గది వెతికితే తలనొప్పే.

షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. పదిహేను రోజుల ముందు దాటకూడదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. అయితే చాలా మామూలు పాలసీలు స్కీయింగ్‌లో తగిలే దెబ్బలకు వర్తించవు. వింటర్ స్పోర్ట్స్ అని విడిగా రాసి ఉందా, కొండమీంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు అందులో ఉందా అన్నది చదువుకోండి. జెర్మాట్ నుంచి స్కీల మీదే సరిహద్దు దాటి ఇటలీలోని చెర్వీనియాకు వెళ్లొచ్చు. సరదాగానే ఉంటుంది కానీ ఇటలీ వాలుల మీద ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే చెల్లించే బీమా 2022 నుంచి తప్పనిసరి.

ఒకరోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. 2025 ఏప్రిల్ 17న, ఈస్టర్‌కి మూడు రోజుల ముందు, భారీగా మంచు కురిసి జెర్మాట్‌కు రోడ్డూ రైలూ రెండూ ఆగిపోయాయి. కరెంటూ పోయింది. వసంతం కదా అని కొండలు ఊరుకోవు మరి!

సంచిలో ఏముండాలి?

స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకు దొరుకుతాయి. కొనడం దండగ. బూట్లు మాత్రం ఒకటికి రెండుసార్లు వేసి చూడాలి. స్నోబోర్డు ముచ్చట ఉన్న కుర్రకారు మొదటి రెండ్రోజులూ కూలబడుతూనే ఉంటారు. మణికట్లకు రక్షణ తొడుగులు వేసుకోవాల్సిందే. పెద్దవాళ్లకు స్కీలే తేలిక.

సన్‌స్క్రీన్ మరవద్దు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. అంటే ఎండ పైనుంచే కాదు, కిందినుంచీ కాలుస్తుంది. గడ్డం కిందా, ముక్కు రంధ్రాల దగ్గరా కూడా రాసుకోవాలి. నల్లకళ్లద్దాలు లేకుండా పిల్లల్ని గుమ్మం దాటనివ్వొద్దు. అలాగే దిగిన రోజే 3,883 మీటర్లకు ఎక్కేయొద్దు. అక్కడ ఒంటికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కన్నా తక్కువే. తలనొప్పి, వాంతులు మొదలైతే వెంటనే కిందికి దిగిపోవాలి.

ఇక తిండి. అపార్ట్‌మెంటు తీసుకుంటే వంటిల్లు ఉంటుంది. వాల్ తొరాన్స్ ఎత్తులో నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి గిన్నెలో అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. చిన్న కుక్కర్ ఉంటే మేలు. ఆవకాయ పట్టుకెళ్లొచ్చు కానీ, దాని జోడీ నెయ్యి కుదరదు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ మాంసమూ తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. వెన్న అక్కడే కొని కాచుకుంటే సరి!

ఎక్కే ముందు... దిగే ముందు

ఇదంతా ఖర్చుతో కూడిన పని. తీరా వెళ్లాక పిల్లలకు నచ్చకపోతే? ముందు మన దేశంలోనే రుచి చూడొచ్చు. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో జనవరి నుంచి మార్చి దాకా శిక్షణ ఇస్తారు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ వాలుల మీద పెరిగినవాడే. అక్కడ నాలుగు రోజులు పడి లేచినవాళ్లు ఆల్ప్స్‌లో డబ్బుకు తగ్గ ఆనందం పొందుతారు.

వాలు మీద ఒక్క నియమం చాలు, పిల్లలకు కంఠతా పట్టించండి. కింద ఉన్నవాళ్లదే దారి. వెనక నుంచి వచ్చేవాళ్లే చూసుకుని తప్పుకోవాలి.

చివరగా ఓ మాట. స్విట్జర్లాండ్ హిమానీనదాలు 2022, 2023... ఈ రెండేళ్లలోనే పదో వంతు కరిగిపోయాయి. ఏడాది పొడవునా మంచు ఉంటుందని పేరున్న జెర్మాట్‌లోనే 2022 జులై ఆఖర్లో కొన్నాళ్లు స్కీయింగ్ ఆపేయాల్సి వచ్చింది. ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అంటే కొండ ఉంటుంది కానీ, దానిమీది తెల్లదనానికి హామీ లేదు. కాబట్టి క్యాలెండర్‌తో పాటు ఆ ఊరి ఎత్తూ చూసుకుని బయల్దేరండి. పొద్దున్నే జారండి. మధ్యాహ్నం ఎండలో కాళ్లు చాపుకుని కూర్చోండి. నలభై డిగ్రీల ఎండలో వేగిపోతున్న బంధువులకు ఫొటో పంపేది ఎలాగూ అప్పుడే కదా!