కోల్‌ట్రేన్ చెడగొట్టుకున్న ముక్క

మన క్లబ్ పాటల్లో ఒళ్ళు విరుచుకునే శాక్సఫోన్ గుర్తుందిగా? ఆ గొంతు గుట్టు సగం వాయించేవాడి నోట్లో ఉండే మౌత్‌పీస్‌లోనే ఉంది. దాని కొసకీ రీడుకీ మధ్య సందు పెరిగితే ఊపిరి తోడేస్తుంది. తగ్గితే గొంతు సన్నబడుతుంది. అందుకే టెనర్ వాయించేవాళ్ళకి ఉన్నదానితో తృప్తుండదు.

అమెరికా జాజ్ మేటి జాన్ కోల్‌ట్రేన్‌దీ ఇదే జబ్బు. 1960ల మొదట్లో తన మౌత్‌పీస్ నచ్చక దానికి పని చేయించాడు. బాగుపడలేదు సరికదా, పూర్తిగా చెడింది! కోరుకున్న మెరుపువేగం ఇక పలకలేదు. తెలివితక్కువ పని చేశానని 1966లో ఓ ఇంటర్వ్యూలో తనే ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే నిదానపు పాటలతో 'బాలడ్స్' రికార్డు చేశాడు. 1963లో వచ్చింది. జాజ్ పెద్దలు కోప్పడితే కోప్పడనీండి, నాకు మాత్రం ఆయన వేగం కంటే ఈ నిదానమే ఇష్టం. అందులో మొదటి పాట 'సే ఇట్' వినండి. రాత్రిపూట, లైటార్పేసి.