అతను వస్తే త్యాగం, ఆమె వెళితే కాపురం

మొన్న రాత్రి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే ఖమ్మం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఎన్ని పెట్టెలయ్యాయి, విమానంలో ఎంత బరువు రానిస్తారు, అక్కడి రైస్ కుక్కర్ ఇక్కడి కరెంటుకి పనికిరాదు, ఎవరికైనా ఇచ్చెయ్... ఇవన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "నువ్వేమన్నా అనుకో అమ్మలూ, ఆ అబ్బాయి బంగారం. నీ కోసం అంత ఉద్యోగం వదులుకుని వస్తున్నాడు. ఆ త్యాగం మర్చిపోకు" అంది.

పిన్నికి నేనంటే ప్రాణం. ఆమె ప్రేమని నేను అనుమానించను. కానీ ఆ 'త్యాగం' అనే మాట ఈ ఆరు నెలల్లో నేను ఎన్నోసారి వింటున్నానో లెక్క తప్పింది. మా అమ్మ అంది. మా అత్తగారు అనలేదు గానీ నిట్టూర్చారు. ఇక్కడి తెలుగు స్నేహితులు నవ్వుతూ అన్నారు. చివరికి నేనే ఒకరోజు అతనితో "నీకు చాలా రుణపడి ఉన్నాను" అన్నాను. అన్నాక నా మీద నాకే కోపం వచ్చింది. ఈ వ్యాసం ఆ కోపంలోంచే రాస్తున్నాను.

పిన్ని కూతురు, నా చెల్లెలు, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివింది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో మూడేళ్ళు పనిచేసింది. 2009లో పెళ్ళి చేసుకుని ఉద్యోగం మానేసి హెచ్-4 వీసా మీద న్యూజెర్సీ వెళ్ళింది. హెచ్-4 అంటే హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడిన వ్యక్తి అని అర్థం. 2015 మే దాకా ఆ వీసా మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలరు సంపాదించుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా అందరికీ కాదు. భర్త గ్రీన్ కార్డు పిటిషన్ ఒక దశ దాటితేనే భార్యకి పని అనుమతి. ఆమెకి అది 2017లో వచ్చింది. ఎనిమిదేళ్ళు ఖాళీగా ఉన్న బయోడేటా పట్టుకుని ఏ ల్యాబ్ గడప ఎక్కుతుంది? ఇప్పుడు ఒక డే కేర్‌లో పిల్లల్ని చూసుకుంటోంది.

ఆ రోజు శంషాబాద్‌లో చెల్లెల్ని విమానం ఎక్కిస్తూ పిన్ని 'త్యాగం' అన్న మాట వాడలేదు. "పిల్ల కాపురానికి వెళుతోంది" అంది. అందరం అదే అన్నాం. నేను కూడా.

ఒకే పని. ఉద్యోగం వదులుకుని జీవితభాగస్వామి ఉన్న చోటికి వెళ్ళడం. అతను చేస్తే త్యాగం, ఆమె చేస్తే కాపురం. ఇంత సాదాగా, ఇంత బాహాటంగా ఉన్న తేడాని చూడటానికి నాకు ఒక డాక్టరేటు, ఒక సముద్రం దాటడం, ఒక పెళ్ళి అవసరమయ్యాయి.

నా విషయం చెప్పాలి. నేను ఖమ్మం జిల్లాలో డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. స్త్రీల పాటల మీద పరిశోధన చేశాను. రెండేళ్ళ ప్రభుత్వ ఫెలోషిప్ మీద, కాలేజీలో సెలవు పెట్టి, జె-1 వీసాతో అమెరికాలో ఒక చిన్న విశ్వవిద్యాలయ పట్టణానికి వచ్చాను. ఇక్కడ పరిచయమైన మనిషిని ఇష్టపడి, కౌంటీ ఆఫీసులో ఇద్దరు స్నేహితులు పక్కన ఉండగా పావుగంటలో పెళ్ళి చేసుకున్నాను. అతను హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

ప్రభుత్వ నిధులతో జె-1 మీద వచ్చినవాళ్ళకి ఒక నిబంధన ఉంది. చదువో పనో అయ్యాక మొత్తం రెండేళ్ళు సొంత దేశంలో ఉంటే తప్ప హెచ్ వీసా గానీ, గ్రీన్ కార్డు గానీ తీసుకోవడానికి లేదు. హెచ్-4 కూడా హెచ్ వీసానే. అంటే నేను అతని 'ఆధారితురాలు' కావాలన్నా కాలేను! ఇది తెలిసి నాకు నవ్వొచ్చింది. మా వాళ్ళకి ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి మా రెండు కుటుంబాలూ 'వేవర్' అనే మాట నేర్చుకున్నాయి. ఆ నిబంధన నుంచి మినహాయింపు అడగవచ్చు. వచ్చేది తక్కువ, కానీ అడగవచ్చు. "అడిగితే పోయేదేముంది?" అన్నారు. పోయేది ఏమిటో ఎవరూ ఆలోచించలేదు. నా ఉద్యోగం పోతుంది. నా పిల్లలు, అంటే నా తరగతిలో కూర్చునే ఆడపిల్లలు, పోతారు. నేను తిరిగి వెళ్ళాలనే వచ్చాను. ఆ షరతు నాకు శిక్ష కాదు, నా ఉద్దేశమే అది. కానీ పెళ్ళైన మరుక్షణం నా ఉద్దేశం ఒక 'వీసా సమస్య' అయిపోయింది. దంపతుల చిరునామా భర్త వీసాలో ఉంటుందన్నది ఏ చట్టంలోనూ రాయకుండానే అందరికీ తెలిసిన చట్టం.

ఊర్మిళాదేవి నిద్ర పాట మనలో చాలామంది అమ్మమ్మల నోట విన్నదే. లక్ష్మణుడు అన్నతో అడవికి వెళ్ళాడు. ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. అతను తిరిగి వచ్చి గదిలోకి అడుగు పెడితే ఆమె గుర్తుపట్టదు, పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. ఆ పాట పాడుకున్న ఆడవాళ్ళకి ఒక సంగతి తెలుసు. సీత వెంట వెళ్ళింది, ఊర్మిళ ఉండిపోయింది. కానీ అడవికా అయోధ్యకా అన్న ప్రశ్న మొదట పుట్టింది ఈ ఇద్దరి దగ్గరా కాదు. మన హెచ్-4 చెల్లెళ్ళది ఇంకో రకం కథ. వాళ్ళు సీతలా వెంట వెళ్ళి, ఊర్మిళలా నిద్రపోవలసి వచ్చింది.

ఇక ఈ ప్రవాస పెళ్ళిళ్ళ గురించి మన చట్టాలు మాట్లాడేదెప్పుడు? భర్త వదిలేసినప్పుడు. వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు మన తెలుగువాళ్ళదే. 1975లో తిరుపతిలో పెళ్ళి. భర్త అమెరికాలోని మిస్సోరీలో తొంభై రోజుల నివాసం చూపించి అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు, ఇక్కడికొచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వెంకటలక్ష్మి ఊరుకోలేదు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంతమంది ఆడవాళ్ళకి ఆ తీర్పు అండగా నిలిచిందో! ఎన్నారై పెళ్ళిళ్ళని ముప్ఫై రోజుల్లోగా రిజిస్టర్ చేయాలన్న బిల్లు 2019లో రాజ్యసభకి వచ్చింది. సమగ్రమైన చట్టం కావాలని లా కమిషన్ 2024లో తన 287వ నివేదికలో చెప్పింది. తీర్పుకీ ఈ నివేదికకీ మధ్య 33 ఏళ్ళు.

ఇవన్నీ కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఇవి మోసపోయిన భార్యని మాత్రమే చూస్తాయి. మోసపోని భార్య సంగతేమిటి? భర్త మంచివాడే, కొట్టడు, వదలడు. మూడు వారాల సెలవులో వచ్చి, చూసుకుని, తాళి కట్టి తీసుకెళతాడు. అక్కడ నా చదువు ఏమవుతుందని అడగటానికి ఆమెకి ఆ మూడు వారాల్లో ఒక్క సాయంత్రం కూడా ఇవ్వరు. ఆ తర్వాత జరిగేదానికి ఫిర్యాదు లేదు, సెక్షన్ లేదు. పైగా "నీకేం తక్కువ?" అన్న ప్రశ్న ఉంది.

మరి తిరిగి వెళ్ళడం? అక్కడైనా ఆమె మాట చెల్లుతుందా? 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అన్నప్పటి నుంచి ఇక్కడ ప్రతి తెలుగింట్లో 'వెళ్ళిపోదామా' అన్న చర్చే. మగవాళ్ళు తమ ఉద్యోగం గురించి మాట్లాడతారు, ఆడవాళ్ళు పిల్లల బడి గురించి. ఎన్నో ఏళ్ళ తర్వాత కూడదీసుకున్న ఆమె ఉద్యోగం ఆ చర్చలో పేరాకి కూడా నోచుకోదు. ఒక స్నేహితురాలు నాతో అంది: "నీకు వెనక్కి వెళ్ళడం స్వేచ్ఛ. నాకు ఇక్కడే ఊపిరాడుతోంది. అక్కడికి వెళితే మళ్ళీ కోడల్ని అయిపోతాను." ఆమె మాట నిజం. స్వదేశం అనగానే కళ్ళు చెమర్చే మగవాళ్ళ కవిత్వంలో ఆవకాయ ఉంటుంది, దాన్ని కలిపే చెయ్యి ఉండదు. అందుకే అందరూ వెనక్కి రావాలని నేననడం లేదు, ఉండిపోవాలనీ అనడం లేదు. వెళ్ళడం, ఉండడం అనే నిర్ణయంలో ఆమె పనికి కూడా అతని పనికున్నంత బరువు ఉండాలంటున్నాను. ఇంతే. ఇది కూడా ఎక్కువడగడంలాగే వినిపిస్తుందని నాకు తెలుసు.

మా తిరుగు ప్రయాణం ఖాయమయ్యాక ఏం జరిగిందో చెబితే మీకు నవ్వొస్తుంది. వేవర్ పోయి 'బదిలీ' వచ్చింది. అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. వెంటనే మా అత్తగారు, "అయితే నువ్వు హైదరాబాద్‌కి బదిలీ పెట్టుకో తల్లీ" అన్నారు. ఖమ్మానికీ హైదరాబాద్‌కీ దాదాపు 200 కిలోమీటర్లు. అమెరికా నుంచి నా ఉద్యోగం వైపు ఎనిమిది వేల మైళ్ళు దాటి వస్తున్న మనిషిని ఆ చివరి 200 కిలోమీటర్ల దగ్గర అందరూ ఆపేస్తున్నారు. అతనేమంటాడని అడుగుతారా? "ముందు ఖమ్మంలో ఇల్లు చూద్దాం, వారంలో రెండు రోజులు నేను వెళ్ళొస్తాను" అన్నాడు. మళ్ళీ బంగారం అయిపోయాడు! న్యాయంగా ప్రవర్తించే మగవాడికి మన ఇళ్ళల్లో దొరికే పొగడ్త ఉందే, అది మిగతా మగవాళ్ళందరికీ ఇచ్చే మినహాయింపు. అసలైన వేవర్ అది.

రచయిత్రులం, పరిశోధకులం మనం కూడా కాస్త మనల్ని చూసుకోవాలి. ప్రవాస స్త్రీ మీద మనం రాసిన కథల్లో ఆమె ఒంటరితనం ఉంది, చలి ఉంది, మంచు ఉంది. ఆమె వదిలేసిన ఉద్యోగం పేరు మటుకు చాలాసార్లు ఉండదు. ఆమె ల్యాబ్‌లో ఏం చేసేది? ఆ పనంటే ఆమెకి ఎంత ఇష్టం? తిరిగి వచ్చిన ఆడది మన కథల్లో ఎక్కువగా ఓడిపోయి వస్తుంది, లేదా తల్లిదండ్రుల కోసం వస్తుంది. తన పని కోసం వచ్చిన స్త్రీని మనమింకా సరిగా రాయలేదు. నా పరిశోధనలో నేను ఊర్మిళ నిద్ర గురించి ముప్ఫై పేజీలు రాశాను. చెల్లెలి ఎనిమిదేళ్ళ గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఇవాళ పొద్దున పిన్నికి నేనే ఫోన్ చేశాను. "పిన్నీ, చెల్లి త్యాగం గురించి మీ అల్లుడికి ఎప్పుడైనా చెప్పావా?" అన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. ఆఖరికి, "దానికలా అనాలని నాకెప్పుడూ తోచలేదే" అంది. తర్వాత, "ల్యాబ్ కోటు ఇంకా ఇక్కడ బీరువాలోనే ఉంది. ఇస్త్రీ చేసి పెట్టి వెళ్ళింది" అంది.

నేను పెట్టెలు సర్దడం పూర్తి చేయాలి. ఈ వ్యాసం చదివినవాళ్ళు, మీ బీరువాల్లో ఎవరి కోట్లు ఉన్నాయో ఒకసారి చూడండి.